ఓవర్‌క్లాక్ చేస్తేనే ఆగిపోతోంది: తప్పు పవర్ సప్లైదా, నాదా?

రాత్రి_గేమర్: 650 వాట్ల పవర్ సప్లై, 80 ప్లస్ గోల్డ్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం). ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించి, ప్రాసెసర్‌ని 4.5 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్లాను, అందుకోసం వోల్టేజ్ 1.25 నుంచి 1.40కి పెంచాల్సి వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్ కూడా చివరిదాకా జరిపాను. గేమ్ ఊపందుకోగానే టక్కున మొత్తం ఆరిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు. విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే నోటు) తప్ప ఏమీ లేదు. మామూలు స్పీడులో ఏ గొడవా లేదు. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ 12 వోల్టుల లైనుకి 11.2 చూపిస్తోంది. పవర్ సప్లై మార్చేయనా?

వోల్టు_బాబాయ్: మార్చెయ్. 12 వోల్టుల లైను 5 శాతానికి మించి పడిపోకూడదు, అంటే 11.4 కిందికి దిగకూడదు. నీది 11.2. ఇంకా ఆలోచించడానికేముంది?

మీటర్_మనిషి: సాఫ్ట్‌వేర్ అంకె చూసి కొత్తది కొనమనడమేంటి బాబాయ్? అది మదర్‌బోర్డు మీది సెన్సర్ చెప్పే మాట. నా బోర్డులో ఇదే లైను 8 వోల్టులు చూపిస్తుంది, నిజంగా 8 అయితే సిస్టమ్ ఆన్ కూడా అవ్వదు. తమ్ముడూ, మల్టీమీటర్ తీసుకో. ఖాళీగా ఉన్న మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత రకం) కనెక్టర్‌లో నల్ల ప్రోబ్ నల్ల వైరు పిన్నుకి, ఎర్రది పసుపు వైరు పిన్నుకి ఆనించి, గేమ్ నడుస్తుండగా చూడు. ప్రోబ్ జారి పక్క పిన్నుకి తగలనివ్వకు.

కేబుల్_గోల: గ్రాఫిక్స్ కార్డుకి ఒకే కేబుల్ తోకకున్న రెండు కనెక్టర్లూ గుచ్చావా? ముందు అది చెప్పు.

వోల్టు_బాబాయ్: మల్టీమీటర్ సగటు చూపిస్తుంది మహాశయా. గ్రాఫిక్స్ కార్డు ఒక్క మిల్లీసెకను కూడా పట్టని కరెంటు కుదుపులు ఇస్తుంది. అవి నీ మీటర్లో ఎక్కడ కనపడతాయి? 12 వోల్టుల మీద రిపుల్ (వోల్టేజ్‌లో సన్నటి అలజడి) 120 మిల్లీవోల్టులు దాటిందో లేదో చూడాలంటే, వోల్టేజ్‌ని గీతలా గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి. అది ఎంతమంది ఇళ్లలో ఉంది?

మీటర్_మనిషి: మరి 11.2ని మాత్రం ఎలా నమ్మావు? మీటర్ వద్దు, సాఫ్ట్‌వేర్ ముద్దు, ఇదేం లెక్క? ఇంకో లెక్క చెప్తా విను. ప్రాసెసర్ తాగే పవర్ ఫ్రీక్వెన్సీతో పాటు, వోల్టేజ్ వర్గంతో పాటు పెరుగుతుంది. ఇతను పెంచిన దానికి సుమారు 39 శాతం ఎక్కువ. స్పీడు చూస్తే 11 శాతమే పెరిగింది. స్టాక్‌లో (మామూలు స్పీడులో) బాగుందంటే పవర్ సప్లై బాగున్నట్టే. ఆ 5 గిగాహెర్ట్జ్ మోజు తగ్గించుకోమనండి.

చల్లటి_హీట్‌సింక్: ఓవర్‌క్లాక్ నిలబడకపోతే మామూలుగా బ్లూ స్క్రీనో, ఫ్రీజో వస్తుంది, లాగ్‌లో డబ్ల్యూహెచ్ఈఏ (హార్డ్‌వేర్) ఎర్రర్లు పడతాయి. ఇలా టక్కున ఆరిపోవడం, లోడు మితిమీరితే కట్ చేసే పవర్ సప్లైలోని ప్రొటెక్షన్ పనిలా ఉంది.

వోల్టు_బాబాయ్: అదీ మాట! మోజట మోజు. నా పాత పవర్ సప్లై ఇలాగే ఆరిపోతుంటే వారంటీకి పంపాను. ఓవర్‌క్లాక్ చేశానని ఫారంలో నిజాయితీగా రాశా. ఆ ఒక్క ముక్క పట్టుకుని తిప్పి పంపారు. డబ్బా మీద వాట్లు అచ్చేసినప్పుడు ఆ వాట్లు ఇవ్వాలా వద్దా? నేను వాటితో ప్రాసెసర్ నడుపుతానో బల్బులు వెలిగిస్తానో వాళ్లకెందుకు?

మీటర్_మనిషి: ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. నీ కోపం ఆ కంపెనీ మీద, సలహా ఇతనికి. నేను స్నేహితులందరికీ సిస్టమ్‌లు బాగుచేసి పెడతాను. అందరూ అన్నీ చివరికంటా పెంచేసి, ఆగిపోగానే ‘పార్టు చెత్తది’ అంటారు. అంత పెంచినవాడే దాని బరువూ మోయాలి.

రాత్రి_గేమర్: ఇద్దరూ కాస్త ఆగండి. మీటర్‌తో చూశాను: ఖాళీగా 12.05, గేమ్‌లో 11.78. గోడ దగ్గర వాట్ మీటర్ పెడితే 560 దాకా చూపిస్తోంది. ప్రాసెసర్‌కి విడిగా స్ట్రెస్ టెస్ట్ పెడితే ఆరదు, గ్రాఫిక్స్ కార్డుకి విడిగా పెట్టినా ఆరదు, రెండూ కలిపితే ఆరిపోతోంది. అవును, తోక కేబులే వాడాను. రెండు వేరు కేబుళ్లు వేశాక ఇంకాస్త సేపు నిలబడుతోంది, అంతే.

కేబుల్_గోల: ఆ కేబుళ్లు ఈ పవర్ సప్లైతో వచ్చినవేనా? వేరే మోడల్‌వి గుచ్చితే పిన్నులు తేడా వచ్చి డ్రైవ్‌లు కాలిపోతాయి.

రాత్రి_గేమర్: డబ్బాలో వచ్చినవే.

మీటర్_మనిషి: 11.78 అంటే లైను నిక్షేపంగా ఉంది. పవర్ సప్లై మంచిదే, నీ అవసరానికి చిన్నదైంది. గ్రాఫిక్స్ పవర్ లిమిట్ 100 శాతానికి దించి చూడు.

వోల్టు_బాబాయ్: గోడ దగ్గర 560 అంటే, గోల్డ్ కాబట్టి 90 శాతం సామర్థ్యం వేసుకున్నా, లోపలికి వెళ్లేది 500 చిల్లర. 650 దాకా ఇంకా బోలెడంత ఉంది. కుదుపుకే ఆరిపోతే అది లోపం కాదా? 2022లో వచ్చిన పవర్ సప్లైల ప్రమాణం ఏటీఎక్స్ 3.0లో, కొత్త రకం గ్రాఫిక్స్ కనెక్టర్ ఉన్న వాటికి, 100 మైక్రోసెకన్ల పాటు రేటింగ్‌కి రెట్టింపు తట్టుకోవాలని ఊరికే పెట్టారా?

మీటర్_మనిషి: ఇతనిది పాతది. రాని రూలుకి అదేం జవాబు చెప్తుంది?

రాత్రి_గేమర్: లిమిట్ 100కి దించాను, ప్రాసెసర్ 5 మీదే ఉంచాను. ఇప్పటిదాకా ఆరలేదు. వారంటీ ఇంకా ఉంది, క్లెయిమ్ చేయనా వద్దా?

వోల్టు_బాబాయ్: చెయ్యి.

మీటర్_మనిషి: ఓవర్‌క్లాక్ సంగతి దాచకుండా రాసి చెయ్యి.

వోల్టు_బాబాయ్: ఓవర్‌క్లాక్ చేసింది ప్రాసెసర్‌ని స్వామీ, పవర్ సప్లైని కాదు!