బీస్టీ బాయ్స్ పంక్‌ని అమ్ముకున్నారా, రాప్‌లోకి మోసుకెళ్ళారా?

నైట్ షిఫ్ట్:
రాప్-పంక్ అనగానే అందరి నోటా ముందు వచ్చే పేరు బీస్టీ బాయ్స్. నాకు మాత్రం ఆ మాట అంత తేలిగ్గా మింగుడు పడదు. 1981లో న్యూయార్క్‌లో మొదలైనప్పుడు వీళ్ళది అచ్చమైన హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్, అంటే పంక్‌లో మరీ వేగంగా, అరుపులతో సాగే రకం. మైక్ డి పాట, ఆడమ్ యౌక్ బేస్, జాన్ బెర్రీ గిటార్, కేట్ షెలెన్‌బాక్ డ్రమ్స్. ఐదేళ్ళు తిరిగేసరికి గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. చేతిలో బీరు డబ్బాలు, స్టేజి మీద బోనులో డాన్స్ చేసే అమ్మాయి. 1986 నవంబర్‌లో వచ్చిన 'లైసెన్స్‌డ్ టు ఇల్' మరుసటి ఏడాది బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కిన తొలి రాప్ ఆల్బమ్ అయింది. ఇది సంగీతం మీద మోజుతో జరిగిన ప్రయాణమా, లేక గాలి ఎటు వీస్తే అటు దూకడమా? నా ఓటు రెండోదానికే. కాదనేవాళ్ళు రండి.

క్యాసెట్ కాలం:
నైట్ షిఫ్ట్ గారూ, గాలివాటం అంటున్నారు సరే, 1983లో ఆ గాలి ఎక్కడుందో చూపించండి. ఆ ఏడాది వీళ్ళు వేసిన రికార్డు 'కూకీ పస్'. కార్వెల్ ఐస్‌క్రీమ్ షాపుకి ఫోన్ చేసి అక్కడివాళ్ళని ఆటపట్టించి, ఆ మాటల్ని డ్రమ్స్, రికార్డు గీరే స్క్రాచింగ్ మధ్య ఇరికించారు. అంతే, అదే పాట. పంక్ పిల్లల అల్లరికి బ్రాంక్స్ హిప్-హాప్ డీజేల పద్ధతి అంటుకుంది. అప్పటి మాన్‌హట్టన్ డౌన్‌టౌన్‌లో ఈ రెండు గుంపులూ ఒకే క్లబ్బుల్లో తిరిగేవి. ఇవాళ నల్లజాతి హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్ బ్యాడ్ బ్రెయిన్స్‌కి ముందు వాయించి, రేపు హిప్-హాప్ డీజే బంబాటా డీజేయింగ్ వినడానికి వెళ్ళే కుర్రాళ్ళు వీళ్ళు.

ఇంకో సంగతి. ఆ రికార్డులోని రెండో వైపు పాటలో కొంత ముక్కని బ్రిటిష్ ఎయిర్‌వేస్ అడగకుండా ప్రకటనలో వాడేసింది. వీళ్ళు కేసు వేస్తే 40,000 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో చైనాటౌన్‌లో 59 క్రిస్టీ స్ట్రీట్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. స్టేజి మీద 'కూకీ పస్' వినిపించాలంటే డీజే కావాలి కదా, అలా దొరికినవాడే తర్వాత వాళ్ళ ప్రొడ్యూసర్ అయిన రిక్ రూబిన్. అప్పటికి న్యూయార్క్ యూనివర్సిటీ హాస్టల్లో ఉండే కుర్రాడు. అతని దగ్గర సొంత సౌండ్ సిస్టమ్ ఉంది, పైగా బుడగలు ఊదే మెషీన్ కూడా ఉంది. ఆ వయసులో ఇంకేం కావాలి! ముగ్గురు తెల్ల కుర్రాళ్ళు రాప్ చేసి లక్షలు సంపాదిస్తారని అప్పుడు ఎవడూ అనుకోలేదు. దూకేవాడు నీళ్ళున్న చోట చూసుకుని దూకుతాడు.

గుంటూరు ఘాటు:
బుడగల మెషీన్ చూసి మనిషిని బ్యాండ్‌లో చేర్చుకోవడం కంటే పంక్ పని ఇంకోటి ఉందా అండీ? చర్చ ముగిసింది, ఇంటికెళ్దాం.

స్నేర్ డ్రమ్:
ఇంకా ముగియలేదు. క్యాసెట్ కాలం అన్నయ్య కథ చెబుతూ ఒక మనిషిని దాటేసి వెళ్ళిపోయారు. కేట్ ఏమైంది?

జాన్ బెర్రీ స్థానంలో ఆడమ్ హోరోవిట్జ్ వచ్చినప్పుడు కూడా డ్రమ్స్ మీద కేట్ ఉంది. రూబిన్ వచ్చాక ముగ్గురు కుర్రాళ్ళూ ఒకే రకం ట్రాక్‌సూట్లు వేసుకుని రాప్ గ్రూప్ అయిపోయారు. ఆ వేషంలో ఆమెకి చోటు లేదు. పెద్ద గొడవేమీ లేదు, ఎదురుగా కూర్చుని చెప్పిన మాట కూడా లేదు, మెల్లగా పక్కకి జరిపేశారు. వాయించడం రాక కాదు. తర్వాత లషస్ జాక్సన్ బ్యాండ్‌లో ఏళ్ళ తరబడి డ్రమ్స్ వాయించింది.

అందుకే నాకు గిటార్ పోయిందా, వేరే రికార్డుల ముక్కలు అతికించే శాంప్లర్ వచ్చిందా అన్నది అసలు విషయమే కాదు. నలుగురు స్నేహితులు సమానంగా నిలబడి వాయించుకునే గుంపుగా మొదలైంది. ఒక ప్రొడ్యూసర్ బొమ్మ గీసిస్తే ఆ బొమ్మకి సరిపోని మనిషిని తీసేశారు. పంక్ అక్కడ పోయింది, 1984లోనే. చార్టులో నంబర్ వన్ అయినప్పుడు కాదు.

నైట్ షిఫ్ట్:
స్నేర్ డ్రమ్ గారు నాకంటే బాగా నా వాదన చెప్పారు. దానికి ఇంకొంచెం కలుపుతా. అభిమానులు ఎప్పుడూ చెప్పే సమాధానం 'అదంతా వెక్కిరింపు' అని. పార్టీ చేసుకునే హక్కు కోసం పోరాడమనే ఆ హిట్ పాట తాగి తిరిగే కాలేజీ కుర్రాళ్ళని ఎగతాళి చేయడానికే రాశారట. సరే. మరి 1987 టూర్‌లో స్టేజి మీద హైడ్రాలిక్స్‌తో పైకి లేచే ఇరవై అడుగుల పురుషాంగం బొమ్మ ఎవరిని ఎగతాళి చేయడానికి? ఆ మే నెలాఖరులో లివర్‌పూల్ షో పది నిమిషాలకే సీసాలు, డబ్బాల వానతో ఆగిపోయింది. హోరోవిట్జ్‌ని అరెస్ట్ చేశారు. ఎవరిని వెక్కిరించారో వాళ్ళే టిక్కెట్లు కొని ముందు వరసలో నిలబడ్డారు. రాత్రికి రాత్రి వేసుకున్న వేషం ఏడాది పాటు విప్పకపోతే అది వేషం ఎందుకవుతుంది?

సిరిసిల్ల టు సియాటెల్:
అందరూ పంక్‌కి ద్రోహం జరిగిందా అని అడుగుతున్నారు. రాప్ వైపు నుంచి ఎవరూ అడగరేం? నల్లజాతి రాప్ గ్రూప్ రన్ డిఎంసి ఆల్బమ్ 'రైజింగ్ హెల్' కూడా 1986లోనే వచ్చింది, బిల్‌బోర్డ్‌లో మూడో స్థానం దగ్గర ఆగింది. అదే మేనేజర్ దగ్గర, వాళ్ళ చుట్టూ పెరిగి, వాళ్ళ టూర్‌లోనే ముందు పాడి, వాళ్ళు పక్కన పెట్టిన పాటని అడిగి తీసుకుని ఆల్బమ్‌లో పెట్టుకున్న ముగ్గురు తెల్ల కుర్రాళ్ళు మొదటి స్థానానికి వెళ్ళారు. ప్రతిభ లేదనను. కానీ ఆ తలుపు ఎవరికి ముందు తెరుచుకుందో చూడండి. ఈ ఫోరంలో రాప్-పంక్ మీద ఎన్ని థ్రెడ్లు నడిచినా బ్యాడ్ బ్రెయిన్స్ పేరు ఎప్పుడూ 'వీళ్ళకి ముందు' అనే పక్క వాక్యంలోనే వస్తుంది. పైన కూడా అలాగే వచ్చింది.

క్యాసెట్ కాలం:
ఆ మాట నిజం, తమ్ముడూ. దానికి నా దగ్గర ఎదురు లేదు. ఒక్కటే చేరుస్తాను. 1986 టూర్‌లో రన్ డిఎంసి, ఎల్ఎల్ కూల్ జె, హూడినిల ముందు వీళ్ళు వెళ్ళి నిలబడింది ఎక్కువగా నల్లజాతి ప్రేక్షకుల ఎదుట. వాళ్ళు ఛీ కొడితే ఆ రోజే పని అయిపోయేది. పంక్ జనం ఇంత పెద్దమనసు చూపించలేదు. 1981లో న్యూయార్క్ బాండ్స్ క్లబ్బులో బ్రిటిష్ పంక్ బ్యాండ్ క్లాష్ తమ షోకి హిప్-హాప్ డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ గుంపుని పిలిస్తే, క్లాష్ అభిమానులే వాళ్ళ మీద కప్పులు విసిరారు. పంక్‌ని మరీ గుళ్ళో పెట్టి పూజించకండి అని చెప్పడానికే ఇది.

మిక్సింగ్ టేబుల్:
ఇంతసేపూ 1987 దగ్గరే చక్కర్లు కొడుతున్నారు. ఆ తర్వాత ఇరవై అయిదేళ్ళ కథ ఉంది కదా.

రాయల్టీల గొడవతో మొదటి ఆల్బమ్ వేసిన కంపెనీ డెఫ్ జామ్‌ని వదిలేసి క్యాపిటల్ రికార్డ్స్‌కి వెళ్ళారు. 1989లో డస్ట్ బ్రదర్స్ అనే ప్రొడ్యూసర్లతో 'పాల్స్ బొటీక్' చేశారు. వందకి పైగా శాంపిళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆల్బమ్. పార్టీ పాట కోసం వచ్చినవాళ్ళకి అది ఎక్కలేదు, అమ్మకాలు పడిపోయాయి. గాలివాటంగా పోయేవాళ్ళైతే రెండో ఆల్బమ్‌లో మళ్ళీ బీరు డబ్బాలే తెచ్చేవారు.

అప్పుడు చేసిన పని చూడండి. లాస్ ఏంజెలెస్‌లో అట్‌వాటర్ విలేజ్ అనే పేటలో, షాపుల పైనున్న పాత హాలుని తీసుకుని జి-సన్ అనే స్టూడియో కట్టుకున్నారు. లోపల బాస్కెట్‌బాల్ రింగు, స్కేట్‌బోర్డ్ ర్యాంపు. మళ్ళీ యౌక్ బేస్, హోరోవిట్జ్ గిటార్, మైక్ డి డ్రమ్స్, కీబోర్డ్ మీద మనీ మార్క్. గంటల తరబడి జామ్ చేసి, అందులోంచి నచ్చిన ముక్కలు తీసుకుని, మళ్ళీ మళ్ళీ తిరిగేలా లూప్ చేసి, దాని మీద రాప్ చేశారు. అంటే తమని తామే శాంపిల్ చేసుకున్నారు. 1992 ఆల్బమ్ 'చెక్ యువర్ హెడ్' అలా వచ్చింది.

1994లో వచ్చిన 'సాబోటాజ్' పాట సంగతి చెప్పకుండా ఉండలేను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ బేస్ వినండి. యౌక్ చప్పుడుని గరగరలాడించే ఫజ్ పెడల్ తొక్కి వాయించిన వరస అది, తీగ మీద గీరుకుపోతున్నట్టు ఉంటుంది. ఆ ట్రాక్ చాలాకాలం మాటల్లేకుండా పడి ఉంది. ఆల్బమ్ ఇచ్చే గడువు దగ్గరపడ్డాక హోరోవిట్జ్ గొంతు కలిపాడు. ఎవరి మీద ఆ కేకలు? 'త్వరగా ముగించండి' అని వెంటపడుతున్న వాళ్ళ ప్రొడ్యూసర్, ఇంజినీర్ మారియో కాల్డాటో మీద. సొంత ఇంజినీర్‌ని తిడుతూ పాడిన పాటని ఆ ఇంజినీరే కూర్చుని రికార్డ్ చేశాడు. ఇందులో ప్రాస తక్కువ, అరుపు ఎక్కువ. మూడు నిమిషాల పంక్ పాట, మధ్యలో రికార్డ్ గీరే చప్పుడుతో సహా. 1986 ఆల్బమ్‌లో గిటార్ కావాలంటే మెటల్ బ్యాండ్ స్లేయర్ నుంచి కెర్రీ కింగ్‌ని తెచ్చుకున్నారు, డ్రమ్స్ కావాలంటే లెడ్ జెపెలిన్ రికార్డులోంచి తీసుకున్నారు. 1994 వచ్చేసరికి ఇలాంటి పాటల్లో చప్పుడు వాళ్ళ చేతుల్లోంచే వస్తోంది.

గుంటూరు ఘాటు:
'సొంత ఇంజినీర్‌ని తిడుతూ' అన్న ముక్క చదివి మా ఆఫీసు గుర్తొచ్చింది. మా దగ్గర మాత్రం గడువు దగ్గరపడితే వచ్చేది టెన్షన్, పాట కాదు.

స్నేర్ డ్రమ్:
మిక్సింగ్ టేబుల్ గారూ, చప్పుడు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా. మనుషుల సంగతి? 1994లో యౌక్ ఒక పాటలో ఆడవాళ్ళని అగౌరవపరచడం ఇక చాలు అని పాడాడు. 1999లో హోరోవిట్జ్, మొదటి ఆల్బమ్‌లో గే వాళ్ళ మీద వాగిన చెత్తకి క్షమాపణ చెబుతూ టైమ్ అవుట్ న్యూయార్క్ పత్రికకి ఉత్తరం రాశాడు. ఆ ఆల్బమ్‌కి మొదట అనుకున్న పేరే గే వాళ్ళని తిట్టే బూతు, కంపెనీ ఒప్పుకోలేదు కాబట్టి ఆగింది. 1998 రీడింగ్ ఫెస్టివల్‌లో బ్రిటిష్ బ్యాండ్ ప్రాడిజీని, ఆడవాళ్ళని కించపరిచేలా ఉన్న వాళ్ళ పాటొకటి పాడొద్దని అడిగితే వాళ్ళు పాడనే పాడారు. ఇవన్నీ మంచివే. చాలా బ్యాండ్లు ఇందులో పదో వంతు కూడా చేయవు.

కానీ ఆ మొదటి ఆల్బమ్ 2015లో అమెరికాలో కోటి కాపీల లెక్కకి డైమండ్ సర్టిఫికెట్ అందుకుంది. క్షమాపణ పాట విన్నవాళ్ళ కంటే పాత పాట విన్నవాళ్ళే ఎప్పటికీ ఎక్కువ.

మిక్సింగ్ టేబుల్:
అక్కా, అందుకు వాళ్ళేం చేయగలరు? ఆ మాస్టర్ టేపులు డెఫ్ జామ్‌వి. కేట్ విషయానికొస్తే, వాళ్ళు పెట్టిన గ్రాండ్ రాయల్ లేబుల్ మొదట్లోనే వేసిన రికార్డు లషస్ జాక్సన్‌ది. 2018లో వచ్చిన వాళ్ళ పుస్తకంలో కేట్ తన వైపు కథ తానే రాసింది. దాచిపెట్టలేదు.

స్నేర్ డ్రమ్:
దాచిపెట్టలేదు, నిజమే. అందుకే ఇంకా వింటున్నాను. రికార్డు వేయడం స్నేహం. మొదటి బ్యాండ్ తిరిగి ఇవ్వడం కాదు.

నైట్ షిఫ్ట్:
లేబుల్ పెట్టారు, స్టూడియో పెట్టారు అంటే నంబర్ వన్ డబ్బుతోనే కదా? అమ్ముకోకుండా ఆ ర్యాంపు వచ్చేదా?

క్యాసెట్ కాలం:
మొదటి అద్దె ఇల్లు కేసు గెలిచిన డబ్బుతో వచ్చింది, అది మరచిపోకండి! అమ్మడం గురించి అడిగారు కాబట్టి చెబుతా. 2012 మే 4న యౌక్ క్యాన్సర్‌తో పోయాడు, నలభై ఏడేళ్ళకి. తన సంగీతాన్ని ప్రకటనల్లో వాడకూడదని వీలునామాలో రాశాడు. మాన్‌స్టర్ ఎనర్జీ డ్రింక్ వాళ్ళు అనుమతి లేకుండా వీడియోలో పాటలు వాడితే కోర్టుకి లాగి, 2014లో 17 లక్షల డాలర్లు ఇప్పించుకున్నారు మిగిలిన ఇద్దరూ. యౌక్ పోయాక ఆ పేరుతో కొత్త ఆల్బమ్ లేదు, టూర్ లేదు. ఎంతమంది అలా ఆగగలరు?

1995లో వేసిన 'ఆలియో ఎ ఓలియో' ఎవరైనా విన్నారా? ఎనిమిది హార్డ్‌కోర్ పాటలు, మొత్తం కలిపి పదకొండు నిమిషాలు. 'ఇల్ కమ్యూనికేషన్' చార్టులో నంబర్ వన్ అయిన మరుసటి ఏడాది, దాన్ని ఎవరు అడిగారు చెప్పండి.

సిరిసిల్ల టు సియాటెల్:
నేను విన్నా. బాగుంది. దాని తర్వాత బ్యాడ్ బ్రెయిన్స్ 1982 ఆల్బమ్ పెట్టుకుని వినండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుస్తుంది. వీలైతే దాని మీద వేరే థ్రెడ్ నేనే మొదలుపెడతా.

నైట్ షిఫ్ట్:
మొదలుపెట్టు బ్రో, వస్తా. ఇక్కడ మాత్రం నా ఓటు మార్చను. 1992 తర్వాత వాళ్ళు మంచి బ్యాండ్ అయ్యారు, అది వేరే సంగతి. నేనడిగింది 1986 గురించి.