సమస్యాపూరణం: “పాలికాపునంగి ప్రభువు దొడిగె”

ప్రాశ్నికుడు: ఛందస్సు ఆటవెలది. రష్యా పల్లెల్లో కూలిజనం తొడిగిన అంగి, మెడ కింద నడిమధ్యన కాక ఒక పక్కకు తెరుచుకుని, మొలకు పట్టీతో బిగిసే ఆ కొసొవొరొత్క, రాజుల మేనికీ పరాయి దేశాల బాలుర మేనికీ ఎలా చేరిందో పూరణలో పలకాలి.

మొదటి పూరణ (తెనాలి సభ్యురాలు):

పట్టుతోడఁ గుట్టి పటకాను బిగియించి
దళమువారితోడఁ దాను నిలిచి
రష్య నేలువేళ రాచఠీవిని వీడి
పాలికాపునంగి ప్రభువు దొడిగె.

విమర్శ: రాచకుటుంబపు భూములలోని రైతులతో 1854లో ఏర్పడిన రైఫిల్ దళానికి ఈ అంగి ఉడుపులో భాగం కాగా, 1894 నుంచి 1917 వరకు ఏలిన రెండవ నికొలస్ దాన్ని ఎర్రపట్టుతో ధరించేవాడు. కత్తిరింపు కూలివాడిది, గుడ్డ రాజుది అన్న తేడాను “పట్టుతోడ” అన్న ఒక్క మాటతో చెప్పినందుకు అభినందనలు.

రెండవ పూరణ (బరంపురం సభ్యుడు):

గౌను విడిచినట్టి కడగొట్టు పసివాఁడు
ఇంటివారి ముద్దు లెల్లఁ దోఁచి
ప్రక్క గుండి పెట్టి పై నడికట్టుతో
పాలికాపునంగి ప్రభువు దొడిగె.

విమర్శ: సమస్యలోని ప్రభువును ఇంటి ముద్దుబిడ్డగా మలచడం నాకెంతో నచ్చింది. ఆ రోజుల్లో ఐరోపా, అమెరికా దేశాలలో మగపిల్లలకు కూడా తొలి ఏళ్లలో గౌన్లే తొడిగేవారు. గౌను నుంచి లాగులోకి ఒక్కసారిగా మార్చలేని తల్లులకు 1900 ప్రాంతంలో “రష్యన్ బ్లౌజు సూటు” చక్కని నడిమెట్టు అయింది, ఎందుకంటే అది గౌనులా పొడవుగా వేలాడుతూనే అడుగున మోకాళ్ల దగ్గర కుచ్చు పట్టిన లాగును దాచుకునేది. అయితే ఆ పట్టీ చాలావరకు నడుముకు దిగువన, తుంటి మీద వదులుగా నిలిచేది కనుక “నడికట్టు” సరిగా అమరలేదు. “కడగొట్టు” కూడా యతి కోసమే వచ్చినట్టుంది; పెద్దకొడుకైనా ఆ దశ దాటవలసినవాడే కదా!

మూడవ పూరణ (డల్లాస్ సభ్యుడు), మొదటి పాదం మాత్రం:

నావికాంగి రష్య నాఁడు పంపఁగఁ జూచి

విమర్శ: “నావిక” సంస్కృతం, “అంగి” తెలుగు; సవర్ణదీర్ఘంతో కలపడం వల్ల వైరిసమాసం అయింది. విషయంలోనూ పొరపాటుంది. బాలుర నావికదుస్తులకు పేరు తెచ్చింది 1846లో వింటర్‌హాల్టర్ గీసిన ఇంగ్లండు రాకుమారుడు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ చిత్రం. రష్యా యువరాజు అలెక్సేయ్ ఆ దుస్తులలో ఎన్నో ఫొటోలలో కనబడినా, అవి రష్యాలో పుట్టినవి కావు. రెండు దోషాలూ ఒకేసారి తొలగేలా ఇలా మార్చవచ్చు:

నావవాని యంగి నాఁ డింగిలాండిచ్చె

మిగిలిన పాదాలను దీనికి తగినట్టు అల్లి, రష్యా అంగిని రెండవ పాదంలో ప్రవేశపెట్టి మళ్లీ పంపవలసిందిగా ఆ సభ్యుణ్ణి కోరుతున్నాను.