పది రోజుల యాత్రకి వెళ్తూ పిల్లిని బోర్డింగులో పెట్టడం సబబేనా?

భీమవరం మూడో అంతస్తు:
మే నెలలో అత్తగారినీ మామగారినీ కాశీ, అయోధ్య తీసుకెళ్తున్నాం. పది రోజులు పడుతుంది. మాది ఫ్లాటు. పిల్లి ఆడది, ఆపరేషన్ అయింది, ఇంతవరకూ గుమ్మం దాటలేదు. రైల్లో తీసుకెళ్దామంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, అది మావల్ల కాదు. పైగా ఆ ఎండలో, ఆ జనంలో దాన్ని తిప్పడం నాకే ఇష్టం లేదు. మావారు రాజమండ్రిలో ఒక బోర్డింగ్ చూసొచ్చారు. కుక్కలకీ పిల్లులకీ వేరే గదులున్నాయట, రోజూ వీడియో పంపుతామన్నారట. అత్తగారేమో రాజోలు దగ్గర మా ఊళ్ళో వదిలేద్దాం, పెరట్లో హాయిగా తిరుగుతుంది అంటున్నారు. నాకు రెండూ భయంగానే ఉన్నాయి. మీరైతే ఏం చేస్తారు?

అమలాపురం వాకిలి:
నేనైతే బోర్డింగులో పెట్టనండి. కుక్క మనిషి వెంట ఎక్కడికైనా వస్తుంది. పిల్లికి మనిషితో పాటు తన చోటూ కావాలి. గుమ్మానికీ మంచం కోడుకీ బుగ్గలు రాస్తుంది చూడండి, తన వాసన అంటించుకోవడం అది. ఆ వాసన ఉన్నచోటే దానికి ధైర్యం. అలవాటు లేని గదిలో పెట్టి, పక్కనుంచి కుక్కల అరుపులు వినబడుతుంటే చాలా పిల్లులు ఓ మూల నక్కి తిండి మానేస్తాయి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, అందులోనూ ఒళ్ళున్న పిల్లి అయితే, కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. మేం ఊరెళ్ళినప్పుడల్లా పక్కింటి పిన్నిగారికి మారు తాళం ఇస్తాం. ఆవిడ పొద్దున్నా సాయంత్రమూ వచ్చి తిండి, నీళ్ళు పెట్టి, అది దొడ్డికెళ్ళే ఇసుక ట్రే శుభ్రం చేసి, కాసేపు కూర్చుని వెళ్తారు. ఊళ్ళో పెరట్లో వదలడం మాత్రం అస్సలొద్దు.

లంక రైతు:
మా లంకలో పిల్లిని ఎక్కడికీ పంపరండి, ఆయ్. ధాన్యానికి అదే కాపలా. మేం పెళ్ళికెళ్ళినా, తీర్థానికెళ్ళినా దాని తిండి అదే చూసుకుంటాది. వరదొత్తే మనకన్నా ముందు అటకెక్కేత్తాది. పదిళ్ళు తిరిగి పొద్దుటికి మళ్ళీ మనింటికే వత్తాది. మీరు దాన్ని గదిలో పెట్టి పెంచారు కాబట్టి ఈ బెంగంతా. ఊళ్ళో వదలండమ్మా, ఏం కాదు.

అమలాపురం వాకిలి:
బాబాయ్ గారూ, మీ పిల్లి ఆ లంకలో పుట్టింది. ఏ కుక్క ఎటునుంచి వస్తుందో, ఏ గట్టు మీద పాము తిరుగుతుందో దానికి తెలుసు. ఈవిడ పిల్లి కుక్కని దగ్గరగా చూసి కూడా ఉండదు. పిల్లిని కొత్త ఇంటికి తీసుకెళ్తేనే రెండు మూడు వారాలు బయటికి వదలొద్దంటారు, దారి తెలియక పాత ఇల్లు వెతుక్కుంటూ పోతుందని. రాజోలు నుంచి భీమవరం వెతుక్కుంటూ వెళ్ళాలంటే అది గోదావరి దాటాలి. పది రోజులకి ఆ పెరడు దాని సొంతం కాదు.

కాకినాడ నుంచి:
వాకిలి గారూ, మీకు పిన్నిగారున్నారు. అందరికీ ఉండరండి. సంక్రాంతికి మన ఊళ్ళు నిండిపోతాయి, అడగాలేగానీ పిల్లిని చూసేవాళ్ళు ఇంటికొకరు దొరుకుతారు. మేలో బళ్ళకి సెలవులిస్తే అందరూ ఒకేసారి బయల్దేరతారు, ఆ పిన్నిగారితో సహా. పైగా ఆ నెలలో మూసి ఉన్న ఫ్లాటు ఎలా ఉడికిపోతుందో తెలిసిందే. సాయంత్రం గాలివాన కొట్టిందంటే తెల్లారేదాకా కరెంటు రాని రోజులూ ఉంటాయి.

ఇంకోటి. మా ఆఫీసులో ఒకరి మగపిల్లికి వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు మూత్రం బంద్ అయింది. తిండి పెట్టడానికి వచ్చే కుర్రాడు గిన్నె నింపి తలుపేసి వెళ్ళేవాడు, ట్రే చూసేవాడు కాదు. మగపిల్లికి మూత్రం ఆగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. గొట్టం వేయించి ఎలాగో బతికించుకున్నారు. మంచి బోర్డింగులో ట్రేలు కడిగే మనిషికి ఆ పూటే తెలిసిపోయేది. కొత్త చోటు బెంగ చాలా పిల్లులకి కొన్ని రోజుల్లో తగ్గుతుంది. చూసే కన్ను లేకపోతే ఏ ఇల్లయినా ఒకటే.

పాలకొల్లు పశువైద్యం:
రోజూ పిల్లుల్ని చూసే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. బెంగ తగ్గుతుంది, నిజమే. జబ్బు సంగతి అలా కాదు. పిల్లుల పార్వో, అంటే పాన్‌ల్యూకోపీనియా తెచ్చే వైరస్, ఆ జబ్బుతో పిల్లి చచ్చిన గదిలో ఏడాది వరకూ బతికుండగలదు. ఫినాయిల్‌తో తుడిస్తే చావదు, బ్లీచింగ్ కావాలి. గిన్నెల మీద, చేతుల మీద, బట్టల మీద కూడా పాకుతుంది. జలుబు వైరస్సులు మరో రకం. హెర్పిస్ ఒకసారి పట్టిన పిల్లిలో జన్మంతా దాగి ఉంటుంది, బెంగ పెట్టుకున్నప్పుడు మళ్ళీ బయటపడి పక్క కేజ్‌లో దానికి అంటుతుంది. అందుకే నేను ముందు టీకాల గురించి అడుగుతాను. ఇప్పటిదాకా వేయించని పెద్ద పిల్లికి మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. వెళ్ళే వారం పరిగెత్తుకొచ్చి సూది వేయిస్తే చాలదు. రేబిస్ టీకా దానికి అదనం.

అమ్మా, ఆ బోర్డింగ్ వాళ్ళు టీకా పుస్తకం అడిగారా? కేజ్‌లో పిల్లి దాక్కోవడానికి పెట్టె ఉందా? రెండు ఇళ్ళ పిల్లుల్ని కలిపి వదులుతారా?

భీమవరం మూడో అంతస్తు:
మావారిని అడిగానండి. టీకా మాటే ఎత్తలేదట. పిల్లులన్నీ ఒకే హాల్లో కలిసి ఆడుకుంటాయని గొప్పగా చెప్పారట. మా పిల్లికి చిన్నప్పుడు అన్నీ వేయించాం, ఆ తర్వాత వేయించలేదు.

పాలకొల్లు పశువైద్యం:
అయితే ఆ చోటు వద్దమ్మా. ఎక్కడినుంచి వచ్చాయో తెలియని పిల్లుల్ని ఒక హాల్లో వదిలితే ఆట కాదు, అది వాటికి నరకం. వైరస్ ఒక్కటే కాదు, తామర కూడా అంటుతుంది, అది మీ ఇంట్లో వాళ్ళకీ వస్తుంది. బూస్టర్ ఎలాగూ వేయించాల్సిందే, ఈ వారమే తీసుకెళ్ళండి.

కాకినాడ నుంచి:
ఆ హాలు వద్దని నేనూ అంటాను. కానీ ఒకచోట అలా ఉందని బోర్డింగ్ అన్నదే తప్పనకండి. పుస్తకం చూశాకే చేర్చుకునేవాళ్ళు, పిల్లికో గది ఇచ్చేవాళ్ళు ఉంటే నా ఓటు ఇప్పటికీ వాళ్ళకే. 2027లో పుష్కరాలొస్తున్నాయి. నెల ముందునుంచీ మన ఇళ్ళనిండా చుట్టాలు, తెరిచిన తలుపులు. అప్పుడు మనం ఊళ్ళో ఉండి కూడా పిల్లిని ఎక్కడో భద్రంగా పెట్టాల్సి వస్తుంది. మంచి బోర్డింగులు మన వైపు రావాలి. మనం అడిగితేనే వస్తాయి.

అమలాపురం వాకిలి:
అది ఒప్పుకుంటాను. ఈ మే నెలకి మాత్రం మాట మార్చను. రాత్రి పడుకునే మనిషి దొరికితే ఇంట్లోనే ఉంచండి. మీ అపార్ట్‌మెంటులో పరీక్షలకి చదువుకునే పిల్లలెవరైనా ఉంటే అడగండి, డబ్బులిచ్చే అడగండి. వెళ్ళే ముందు రెండు మూడు సార్లు వాళ్ళ చేత తిండి పెట్టించండి. పిల్లి రోజూ ఎంత తిన్నదీ, ట్రేలో తడిసిన ఇసుక ముద్దలు ఎన్ని ఉన్నదీ ఫొటో తీసి పంపమనండి. వంట్లో బాగోలేదని పారాసెటమాల్ గానీ మనం వేసుకునే మరే మాత్ర గానీ పెట్టొద్దని గట్టిగా చెప్పండి, ఒక్క పారాసెటమాల్ మాత్రతోనే పిల్లి చచ్చిపోవచ్చు. రైల్లో సిగ్నల్ ఉండదు కదా, మీ ఫోన్ కలవకపోయినా వైద్యం మొదలుపెట్టమని డాక్టరుగారికి ముందే చెప్పి కొంత డబ్బు కట్టి వెళ్ళండి.

భీమవరం మూడో అంతస్తు:
రెండో అంతస్తులో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఉంది. మాకు ఇన్వర్టర్ కూడా ఉంది. సాయంత్రం వాళ్ళమ్మగారితో మాట్లాడతాను. అత్తగారికి గోదావరి దాటే మాట చెప్పాను, పెరటి సంగతి ఇంక ఎత్తడం లేదు.

లంక రైతు:
ఆ అమ్మాయికి చేప ముక్క ఉడకబెట్టి ముళ్ళు తీసి పెట్టమనండమ్మా, ఉప్పూ కారం లేకుండా. బెంగెట్టుకున్న పిల్లి ఆ వాసనకి లేచొత్తాది.