తూర్పు కిటికీ మూల కారుతోంది, సిలికాన్ రెండుసార్లు పెట్టించినా ఆగలేదు

కావలి మిషనమ్మ:
మాది కావలి. మేడ మీద తూర్పు గదిలో నా కుట్టుమిషను, వెలుతురు కోసం సరిగ్గా కిటికీ కిందే. పోయిన అల్పపీడనానికి ఎడమ మూల నుంచి నీళ్ళు కారి గోడ జానెడు మేర తడిసింది. కింద పెట్టిన ఒకావిడ పట్టు జాకెట్టు గుడ్డ మీద మరక. ఆ గుడ్డ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను, అది వేరే ఏడుపు.

కిటికీ యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ స్లైడింగు. కింద చీమకుర్తి నల్ల గ్రానైటు బండ. సిలికాన్ పెట్టే అతను వచ్చి బయట చుట్టూ తెల్లగా పూసి 1,500 తీసుకున్నాడు. తర్వాతి వానకు ఇంకా ఎక్కువ వచ్చింది. మళ్ళీ పిలిస్తే ఇంకో ట్యూబు, ఇంకో 800. ఈసారి నీళ్ళు బండ మీదుగా గదిలోకే పొర్లాయి.

రాత్రంతా నిలువుగా కురిసినా చుక్క రాదు. తూర్పున తుమ్మలపెంట సముద్రం వైపు నుంచి గాలి తోడైతే మాత్రం అరగంటలో మొదలు. సన్‌షేడ్ పగిలిందని మా ఆయన, గోడలోనే చెమ్మ ఉందని మా అత్త. కార్తీకం వానలు ఇంకా ఉన్నాయి, నాకు టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు నుంచి ఒకడు:
అక్కా, గాలి ఎటు నుంచి కొడితే ఆ గోడే కారుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు గాలంతా ఉత్తరం నుంచే. ఏళ్ళ తరబడి పొడిగా ఉన్న ఉత్తరం కిటికీ ఆ రోజే కారింది. మూడో ట్యూబు మాత్రం పెట్టించకండి.

నెల్లూరు తాపీ:
అమ్మా, సిలికాన్ పెట్టాక ఎక్కువైందంటేనే సగం తెలిసిపోయింది. స్లైడింగు కిటికీ ట్రాక్‌లోకి గాలివానకు నీళ్ళు వస్తాయి. బయటి వైపు సన్న బెజ్జాలుంటాయి, వాటి గుండా పోతాయి. ఆ కిటికీ తీరే అది. చుట్టూ పూసేవాడు ఆ బెజ్జాల్ని కూడా పూసేస్తే ట్రాక్ తొట్టి అయిపోతుంది, నిండాక లోపలికే పొర్లుతుంది. వాన లేని రోజు ట్రాక్‌లో ఒక చెంబు నీళ్ళు పోయండి. బయటకు పోకపోతే ఇదే.

కానీ సిలికాన్ పెట్టకముందే మూల కారింది కదా, అది వేరే దారి. దాన్ని పట్టాలంటే పైపుతో కింది నుంచి పైకి తడుపుతూ రావాలి. చాలామంది పైనుంచి మొదలుపెడతారు. నీళ్ళు జారి అన్నీ తడుస్తాయి, ఏ సందో తేలదు. ముందు బండ కింద గోడ ఒక్కటే, 10, 15 నిమిషాలు. లోపల ఒకరు టార్చి పట్టుకుని ఉండాలి. రాకపోతే బండ, తర్వాత ఒక పక్క, తర్వాత రెండో పక్క, ఆఖరున సన్‌షేడ్ గోడను కలిసే చోటు. లోపల చుక్క కనబడగానే ఆపేయండి. పైపు మూతికి వేలు అడ్డం పెట్టి చిమ్మించొద్దు, లేని లీకు పుడుతుంది.

పల్లె ఇల్లు:
ఇంత యాతన ఎందుకు, లోపల వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు కోట్లు కొట్టించండి.

నెల్లూరు తాపీ:
వచ్చే దారి మూయకుండా లోపల మూస్తే గోడలో నీళ్ళు ఎటు పోతాయి అబ్బయ్యా? పెయింటు పొక్కులొచ్చి ఊడుతుంది.

కావలి మిషనమ్మ:
అన్నా, ఆదివారం చేశాం. ట్రాక్‌లో చెంబు నీళ్ళు పోస్తే చెరువులో నిలిచినట్టు నిలిచాయి! బయట చూస్తే మూడు బెజ్జాలూ తెల్లగా మూసేసి ఉన్నాయి. ఊక్సులు విప్పే సూదితో గీకాక బుడబుడమని పోయాయి.

తర్వాత ఆయన బయట మేడ మెట్ల మీద నుంచి పైపు పట్టుకున్నారు, నేను లోపల. తడి అంచు వెంట కుట్టు చాక్‌పీసుతో గీత గీసి పక్కనే టైము రాసుకున్నా. బండ కింద 15 నిమిషాలు, ఏమీ లేదు. బండ ఎడమ కొస గోడలోకి వెళ్ళే చోట పెట్టగానే నాలుగో నిమిషంలో మూలలో చుక్క. అక్కడ వెంట్రుకంత నెర్రె. సన్‌షేడ్ దాకా పోనే లేదు. ఇంకో విషయం, దారపు రీలు బండ మీద అడ్డంగా పెడితే గదిలోకే దొర్లింది.

నెల్లూరు తాపీ:
అయితే బండ వాటం లోపలికి ఉంది. నెర్రె దగ్గర పాత సిలికాన్, వదులు మాలు గీకేసి, దుమ్ము తుడిచి, బాగా ఆరాక న్యూట్రల్ సిలికాన్ పెట్టండి. వెనిగర్ వాసన వచ్చే రకం సిమెంటుకు సరిగ్గా పట్టదు. సిమెంటు పులమొద్దు, గ్రానైటు, గోడ ఎండకు వేర్వేరుగా సాగుతాయి, మళ్ళీ నెర్రె ఇస్తుంది. బండను లేపి బయటికి వాటం ఇచ్చి వేయించడం వానలు పోయాకే. ముందుకు వచ్చిన అంచు అడుగున గాడి కొట్టించండి, నీళ్ళు గోడ వెంట పాకకుండా అక్కడే చుక్కలుగా రాలిపోతాయి. గోడ లోపలిదాకా ఆరకుండా రంగు జోలికి పోవద్దు.

కావలి మిషనమ్మ:
మీరన్నట్టే నెర్రె గీకి సిలికాన్ పెట్టాం. మంగళవారం రాత్రి తూర్పుగాలితో గట్టిగా కొట్టింది. పొద్దున చూస్తే తడి నా చాక్‌పీసు గీత దాటలేదు. మిషను మాత్రం ఇంకా హాల్లోనే. బండ పని సంక్రాంతి తర్వాత.

సిలికాన్ అతను ఫోన్ చేసి ఇప్పుడెట్టా ఉందక్కా అన్నాడు. బెజ్జాల సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అవి నీళ్ళు వచ్చే బెజ్జాలనుకున్నానక్కా" అన్నాడు.