మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లు బండి నడపొచ్చా?

అనంతపురం అబ్బాయి, మారతహళ్లి:
ఇక్కడ బెంగళూరులో మా ఆఫీసు క్యాబ్ డ్రైవరు టెన్షన్‌కి బిళ్లలు వాడుతున్నాడని తెలిసింది. మార్చేయాలని నా ఓటు. తాగి నడిపితే పట్టుకుంటారు కదా, మత్తుబిళ్ల వేసుకున్నవాణ్ణి వదిలేయాలా? వీళ్లకు లైసెన్సే ఇవ్వకూడదు. మీరేమంటారు?

నెల్లూరు ఫార్మసిస్ట్, బీటీఎం:
చట్టమేమీ వదిలేయలేదండీ. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో మద్యంతో పాటు డ్రగ్స్, అంటే మత్తునిచ్చే మందులు కూడా ఉన్నాయి. మద్యానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములని అంకె ఉంది. డ్రగ్స్‌కి అంకె లేదు, బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడా అన్నదే ప్రశ్న.

ఏ బిళ్ల, ఏ వేళకు, మొదలుపెట్టి ఎన్నాళ్లయింది? ఇవి అడక్కుండా మనిషిని తీసేయడం అన్యాయం. టెన్షన్‌కి ఇచ్చే క్లోనజెపామ్ అనే మత్తుబిళ్ల ఒంట్లో సగం తగ్గడానికే చాలామందికి ఒక రోజు దాటుతుంది. దిగులుకీ, ఆందోళనకీ ఇచ్చే ఎస్సిటలోప్రామ్ లాంటివి అంత మత్తునివ్వవు. మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు జాగ్రత్త పడాలి.

మన ఊళ్లో అసలు చిక్కు వేళల దగ్గరే. చీటీ మీద 0-0-1 అని, అంటే రాత్రికి మాత్రం ఒకటి అని ఉంటుంది. డాక్టరు రాత్రి తొమ్మిది, పది అనుకుని రాస్తారు. నైట్ షిఫ్ట్ వాళ్లు అది తెల్లవారుజామున మూడింటికి వేసుకుని, తొమ్మిదికి సిల్క్ బోర్డ్ దగ్గర స్టీరింగ్ పట్టుకుంటారు. ఇక హెల్మెట్ చేత్తో పట్టుకునే వచ్చి జలుబు బిళ్ల అడిగేవాళ్లు రోజూ ఉంటారు. అందులోని క్లోర్‌ఫెనిరమైన్ కూడా నిద్రమత్తే. వాళ్ల లైసెన్స్ గురించి ఎవరూ మాట్లాడరు!

లైసెన్స్ పోతుందంటే జబ్బు దాచిపెడతారు, లేదా ఉన్నట్టుండి బిళ్లలు ఆపేస్తారు. క్లోనజెపామ్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఆ బండిలో కూర్చునేది మీరే.

కేఆర్ పురం వాసి:
ఒప్పుకోను మేడమ్. మద్యానికి ఊదిస్తారు, బిళ్లకు ఏం చేస్తారు? బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నుంచి డయజెపామ్, క్లోనజెపామ్ మత్తుబిళ్లలకూ రక్తంలో పరిమితి ఉంది. మనకూ పెట్టాలి.

నెల్లూరు ఫార్మసిస్ట్, బీటీఎం:
పెట్టమనే నేనూ అంటాను. కానీ డాక్టరు చెప్పినట్టు వాడుతూ, నడపడంలో తేడా రాకపోతే నేరం కాదని అదే బ్రిటన్ చట్టం చెబుతోంది. ఆ సగం వదిలేయకండి. ఫ్రాన్స్‌లో మందు పెట్టె మీదే కారు బొమ్మ ఉంటుంది. పసుపు, నారింజ, ఎరుపు అని మూడు మెట్లు. ఎరుపైతే నడపొద్దని. మనకు ముందు అది కావాలి.

కేఆర్ పురం వాసి:
బొమ్మ వచ్చేదాకా? ఓపీలో డాక్టరుకు ఇవన్నీ చెప్పే తీరిక ఉంటుందా?

నెల్లూరు ఫార్మసిస్ట్, బీటీఎం:
ఉండదు. అందుకే మనమే ముందు చెప్పాలి: "నేను బండి నడుపుతాను, నా షిఫ్ట్ ఇన్నింటి నుంచి ఇన్నింటిదాకా" అని. మారతహళ్లి తమ్ముడూ, మీ డ్రైవరుని తీసేయమనే ముందు ఈ మాట డాక్టరుతో చెప్పాడో లేదో అడగండి.