ఉగాది ప్రోగ్రాం: పియానో ట్యూన్ రెడీ, కీబోర్డు ఎవరు తెస్తారు?

హైదరాబాద్ నుంచి:
డాలస్ టీమ్ అందరికీ నమస్తే. ఉగాదికి నేను కట్టిన పియానో ట్యూన్ ఆడియో, నోట్స్ రెండూ డ్రైవ్‌లో పెట్టాను, నాలుగు నిమిషాల లోపే. రాగం మోహనం, ఆదితాళం. పియానోలో కీ నొక్కాక స్వరం అక్కడే ఉంటుంది, ఊపడానికీ జారడానికీ వీలు లేదు, అందుకే తోడి లాంటి రాగాలు దాని మీద ఎండిపోతాయి, మోహనం మాత్రం స్వరాలు నిలబెట్టి వాయించినా మోహనంలాగే ఉంటుంది. పైగా ఎఫ్ షార్ప్‌ని షడ్జమం చేసుకుంటే, అంటే నాలుగున్నర శ్రుతి, స రి గ ప ద ఐదూ నల్ల కీల మీదే పడతాయి. తెల్ల కీ ముట్టుకోకపోతే అపస్వరం పడదు. అందుకే పై భాగం మీ దగ్గర పిల్లలిద్దరికి ఇద్దాం, ఎడమ చేతి భాగం పెద్దవాళ్లెవరైనా తీసుకోండి.

కూకట్‌పల్లిలో ఆదివారాలు కలిసే మా పియానో బ్యాచ్‌కి వినిపించాను. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి వాయించేవాళ్లే, కానీ మొహమాటం అస్సలు లేదు. వెస్టర్న్ గ్రేడ్లు చేసినాయన కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పల్చగా ఉన్నాయి, ఫోర్త్, ఫిఫ్త్ (మధ్యమం మీదా, పంచమం మీదా కట్టే కార్డ్స్) వేస్తే నిండుగా ఉంటుందన్నాడు. ఉంటుంది, కాదనను. కానీ ఫోర్త్ కార్డ్‌తో మధ్యమం, ఫిఫ్త్‌తో నిషాదం దూరాయంటే ఇక అది మోహనం ఎలా అవుతుంది? ఈ ఐదు స్వరాల్లో పూర్తిగా ఇమిడే ట్రయాడ్స్ (మూడు స్వరాల కార్డ్స్) రెండే, షడ్జమం మీద మేజర్, ధైవతం మీద మైనర్. మిగతాచోట్ల స-ప, రి-ద జంటలే వేశాను, పల్చగా ఉన్నా అలాగే ఉండనీ. వీణ వాయించే అక్క మాత్రం మధ్యలో కాస్త నిదానిస్తే పిల్లలు అందుకుంటారంది, అది వెంటనే మార్చాను.

ఒక్క కోరిక: దీన్ని సన్మానాల వెనకాల వేయకండి. స్పాన్సర్ల పేర్లు చదివేటప్పుడు ఏదో ఒకటి మోగాలంటే తంబూర యాప్ చాలు.

డాలస్, స్టేజీ:
బాగుంది తమ్ముడూ! మా పెద్దది అప్పుడే నల్ల కీలతో కుస్తీ మొదలెట్టింది. డాన్సులు అయ్యాక, సన్మానాలకి ముందు పెడతాను, అనౌన్స్‌మెంట్లు ఏవీ మీద పడకుండా చూస్తా. మా ఇంట్లో 61 కీల కీబోర్డు ఉంది, సరిపోతుందా? ఎడమ చేయి నువ్వే వీడియో కాల్‌లో వాయించకూడదా?

హైదరాబాద్ నుంచి:
వీడియో కాల్ వద్దక్కా, ఎంత మంచి నెట్ అయినా సౌండ్ ఆలస్యంగానే చేరుతుంది, పిల్లలు నాకోసం ఆగుతారు, నేను వాళ్లకోసం ఆగుతాను, తాళం ఎక్కడికో పోతుంది. ఎడమ చేతికి ఎవరూ దొరక్కపోతే చెప్పు, పిల్లలు తాళం అందుకోడానికి ముందు ఎనిమిది క్లిక్కులు పెట్టి రికార్డింగ్ పంపుతా. ఇక 61 కీలది మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి) కింద రెండు ఆక్టేవులకే (స్థాయిలకే) ఆగిపోతుంది, నా బేస్ దాని కిందికి దిగుతుంది. అది పిల్లలకి ఉంచి, ఎడమ చేతికి 88 చూడండి, 76 అయినా నడుస్తుంది. కీ వదిలాక కూడా స్వరాన్ని మోగించే సస్టెయిన్ పెడల్ తప్పనిసరి. స్విచ్ వేసేటప్పుడు మాత్రం దానిమీద కాలు పెట్టొద్దు, చాలా కీబోర్డుల్లో అలా చేస్తే పెడల్ తిరగబడుతుంది, కాలు తీస్తే మోగుతూ ఉంటుంది.

రిహార్సల్ వినడానికి మాకు ఆదివారం పొద్దున 7 ఓకే, మీకు శనివారం రాత్రి 7.30. మార్చి రెండో ఆదివారం మీ గడియారాలు ముందుకు జరిగాక అదే 8.30 అవుతుంది, పిల్లల నిద్ర టైం కదా, అప్పట్నించి మేమే 6కి లేస్తాం.

డాలస్, సౌండ్:
88 నా దగ్గరుంది, పెడల్ కూడా. రెండు కీబోర్డులూ నేరుగా మిక్సర్‌కి ఇస్తాను, మైకులు అక్కర్లేదు. స్టాండ్ ఒక్కటే లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ రాయండి. మడత టేబుల్ మాత్రం తేవద్దు బాబూ, వాయిస్తుంటే ఊగుతుంది.