అప్‌డేట్: బ్యాంకాక్‌లో 800 బాత్‌ల రోజు

టాక్సీ ఎక్కకుండా, 800 బాత్‌లలో (థాయ్ కరెన్సీ) బ్యాంకాక్ పాతనగరం ఒక్కరోజులో చూడవచ్చా అని అడిగాను కదా. చూశాను, డబ్బు మిగిలింది కూడా. పడవలో వెళ్లమన్నవారికి వేల దండాలు!

చావో ప్రయా నదిపై ఉన్న సాథోర్న్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కాను. ఎంత దూరమైనా 16 బాత్‌లే. పర్యాటకుల పడవకు టికెట్ ధర చాలా ఎక్కువ, ఆ కౌంటర్ దగ్గర ఆగకండి. కండక్టరు చేతిలోని ఇనుప గొట్టాన్ని టకటకలాడిస్తూ జనంలోంచి వస్తారు, చిల్లర సిద్ధంగా ఉంచుకోండి.

వాట్ ఫో, వాట్ అరుణ్ ఆలయాలు చూశాను. టికెట్లకు వాట్ ఫోకు 300, వాట్ అరుణ్‌కు 200 అయ్యాయి. 500 బాత్‌ల రాజప్రాసాదం వదిలేశాను, బాధేమీ లేదు. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడి పాదాల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. నల్లటి అరికాళ్లపై ముత్యపుచిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు! చాలామంది బుద్ధుడి ముఖం ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. మీరు మాత్రం అలా చేయకండి.

అక్కడి నుంచి బల్లకట్టులో నది దాటితే వాట్ అరుణ్. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. రాత్రి చైనాటౌన్‌లోని యావోరాత్ వీధిలో నూడుల్స్‌తో కడుపు నిండింది. శాకాహారులు అక్కడ పసుపు జెండాపై ఎర్రటి ‘జే’ గుర్తు చూసుకోండి.